కిటికీలో దిగిన నామం

బావా,

నీవు కాలం చేసి నేటికి ఏడాది. పక్కనుండే మిల్లు రొదలో నా ఉపన్యాసం వినబడలేదని భజన మఠం కిటికీకి రెండద్దాలు బిగించినావే, వాటి నడుమ తేమ చేరింది. లోపల తుడిచినా పోదు, బయట తుడిచినా పోదు. మార్గళి నెల చలికి ఆ చెమ్మ చుక్కలుగా జారి, అచ్చం నామం మాదిరి గీతలు పడినాయి. అంతే! జనం నా పురాణం వదిలేసి కిటికీకి కర్పూరం వెలిగిస్తా ఉండారు.

ఈ పొద్దు గ్రంథం చంకలో పెట్టుకొని, స్క్రూడ్రైవర్ పట్టుకొని పోయినాను. చోళపురం అవ్వ అడ్డం నిలిచింది.

"పెరుమాళ్ళే వస్తే తుడిచేస్తావా సామీ?"

"పెరుమాళ్ళు కాదవ్వా, ఉత్త తేమ! తేమకు మొక్కేదానికా నేను ఇన్నేండ్లు గొంతు చించుకొనింది?"

"నీ గొంతులో ఆయన ఒక్కనాడైనా కనబడినాడా?"

అందరూ నవ్వినారు. ఒళ్ళు మండి చట్రం తడిమితే, నీ పనితనం పాడుగాను, ఒక్క స్క్రూ తలైనా చేతికి తగల్లేదు. ఎక్కడ ఊడదీయాలో తెలీలేదు.

"బిగించినోడు వచ్చి ఊడదీస్తే ఊడదీయనీ. నీవు తొలుగు" అనింది అవ్వ.

ఎవరేమన్నా గ్రంథం తెరిచి బదులు చెప్పేవాణ్ణి బావా, ఆ మాటకు మాత్రం గ్రంథం చంకలోంచి తీయకుండానే వచ్చేసినాను.