మూడో రోలర్

అన్నా,

నువ్వు లేని మొదటి దసరా ఇది. గౌలిపురలో మన పెళ్లికార్డుల షాపులో కంప్యూటర్‌కు కొత్త మౌస్ వచ్చింది. దీని కింద పాతదానికిలా దొర్లే గుండు లేదు, ఎర్ర లైటు ఉంది. ఆయుధపూజకు పళ్లెం తెచ్చిన వదిన దాన్ని తిప్పి తిప్పి చూసి, "గిట్లుంటే బొట్టు యాడ పెట్టాలె?" అంది.

ఏటా నేను పాత మౌస్ గుండుకే తడి కుంకుమ పెట్టేదాన్ని. మర్నాడు స్క్రీన్ మీద బాణం మొరాయించేది. "మౌస్‌కు బొట్టేందే! మళ్ల నేనే తుడ్వాలె" అని లొల్లి చేస్తూ, అగ్గిపుల్లకు దూది చుట్టి, గుండుకు ఆనుకుని తిరిగే లోపలి రోలర్లు తుడిచేవాడివి.

ఇవాళ ఆ పాతదాన్ని తీసి, లోపల ఎలా ఉందో చూద్దామని మూత తిప్పాను. బాణాన్ని నడిపే రెండు రోలర్లూ తళతళలాడుతున్నాయి. గుండును ఒత్తి పట్టుకునే మూడోదాని మీద మాత్రం కుంకుమ పొరలు పొరలుగా ఎండి ఉంది. ఒక్క ఏడాదిది కాదు. అది ఎలా ఉన్నా బాణం ఆగదని నువ్వే చెప్పావొకసారి. తుడవకుండా ఉంచుకున్నావని మాత్రం చెప్పలేదు.

ఈసారి బొట్టు నేరుగా దానికే పెట్టి, మూత బిగించాను.