ఉప్పు మూట కింద

ఆళ్లగడ్డ, మంగళవారం

గదిలో ట్రేల్లో పెంచుతున్న కొత్తిమీర మొలకలకు మళ్లీ బూజు మొదలైంది. తేమ లాగే మిషన్ కొనే స్తోమత లేదు. "రాళ్లుప్పు తేమ పీలుస్తాదమ్మా, మూట గట్టి పెట్టు" అంది మా అత్త. నిజంగానే పీల్చింది. తెలివితక్కువగా నేను ఆ మూటను ట్రేల మీదే వేలాడదీశాను. పొద్దున చూస్తే ఉప్పునీళ్లు కారి, మొలకలన్నీ మాడిపోయి ఉన్నాయి. నంద్యాల హోటలుకు ఇస్తానన్నవి అవే.

"నిన్న మధ్యాన్నం ఎండ గాసింది గదా, కిటికీ ఏల తెరవలేదు?" అంది అత్త.

పోయినసారి బూజుపట్టిన ట్రేలు పారబోస్తుంటే వీధిలో వాళ్లు నవ్వారు. ఈసారి ఎవరూ తొంగిచూడకూడదని ఆ కిటికీకి మేకులు కొట్టింది నేనే.

మేకులు ఇంకా పీకలేదు.