ముందు పెట్టిన పేరు

ఈస్ట్ హార్లో, వెర్మాంట్
1872 జూన్ 23, ఆదివారం

ప్రియమైన ఒబెడ్,

నువ్వూ కెజియా, అక్కడ పుట్టిన పిల్లలూ దేవుడి చల్లని చూపులో ఉన్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నా ఎడమ మోకాలు మొరాయిస్తోంది. థర్జాకి చెవి కాస్త మందగించింది. నేను గొణిగేవి ఆమెకు వినపడవు కాబట్టి ఇంట్లో శాంతి పెరిగింది. పంతొమ్మిదేళ్ల తర్వాత నా దస్తూరీ చూసి ఈ కవరు పొయ్యిలో పడేయాలనిపిస్తే నిన్ను తప్పుపట్టను. చదివాక పడెయ్యి, అంతే నేను అడిగేది.

మీ చిరునామా పాస్టరు గారిచ్చారు. అయోవాలో మీది నల్లమట్టి పొలమనీ, కనుచూపు మేర చెట్టన్నది కనపడదనీ చెప్పారు. మేపుల్ చెట్ల కింద పుట్టి పెరిగినవాడివి, నీడ లేకుండా ఎలా వేగుతున్నావో అనుకున్నాను. నీ తోటలో ఇప్పుడు వేరేవాళ్లు చెట్లకి గాటుపెట్టి, కారిన తీపి నీళ్లతో పాకం కాస్తున్నారు. మాడ్చేస్తారు. నీ చేతి పాకం రంగు మళ్లీ ఈ చుట్టుపక్కల చూడలేదు.

మొన్న గురువారం ఒక్కణ్ణే నాచు ఊబికి వెళ్లాను. పొద్దున పడ్డ వాన మధ్యాహ్నం ఎండకి ఆవిరై లేస్తోంది. నీకు గుర్తుండే ఉంటుంది, అక్కడ నేను అడుగేస్తే పది గజాల అవతల చెట్టు తలూపుతుంది. కింద నీళ్లు, పైన నాచు. నిద్రపోతున్న ఏదో పెద్ద జంతువు వీపు మీద నడుస్తున్నట్టు, అది లేవకూడదని మెల్లగా అడుగులేస్తున్నట్టు ఉంటుంది. మోకాలు నొప్పికి ఒక పడిపోయిన మాను మీద కూర్చున్నాను. కూర్చున్నవాణ్ణి కునుకు తీశానో లేదో చెప్పలేను.

నా జన్మలో ముప్పైయొక్క అడవి మొక్కలకి పేర్లు పెట్టాను, ఒబెడ్. ఒక గడ్డికి మా గురువుగారి పేరు. రాళ్ల సందుల్లో మొలిచే ఫెర్నుకి మా అమ్మ పేరు. ముళ్లున్న అడవి బెర్రీకి థర్జా పేరు. ఇన్నేళ్లు వండిపెట్టినందుకు దక్కింది ముళ్లకంపా అని ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ ఆమె ఇప్పటికీ చెబుతుంది. ఆ మధ్యాహ్నం అవన్నీ ఆ ఆవిరిలో నా చుట్టూ నిలబడి ఉన్నట్టు అనిపించింది, ఆదివారం చర్చిలో జనం నిలబడ్డట్టు. ఒక్కోదాన్నీ చూస్తున్నాను. పేరు రావడం లేదు. నేనే పెట్టిన పేర్లు, ఒక్కటీ నోటికి రావడం లేదు. విచిత్రం ఏమిటంటే భయం వేయలేదు. పేర్లు లేకుండానే అవి హాయిగా ఉన్నాయి, వానకి తడుస్తూ, ఎండకి ఆరుతూ. ఆ గుంపులో ఒక్కదాని పేరు మాత్రం వచ్చింది. ఒంటి ఆకుతో, పాల నురుగంత తెల్లగా ఉండే చిన్న పువ్వు.

1852 వేసవిలో మనం దాన్ని చూసిన రోజు మీ లొవీనా నీ భుజాల మీద ఉంది. మనిద్దరం మొక్కల కోసం నేలంతా వెతుకుతుంటే అయిదేళ్ల పిల్ల పైనుంచి దాన్ని ముందు చూసింది. దాని పేరేమిటని అడిగింది. దానికింకా పేరు లేదన్నాను. కాసేపు ఆలోచించి, "మరి వాళ్లమ్మ దాన్ని అన్నానికి ఎలా పిలుస్తుంది మామయ్యా?" అంది. నువ్వు నవ్విన నవ్వుకి పిల్ల భుజాల మీద ఊగిపోయి నీ జుట్టు పట్టుకుంది.

ఆ చలికాలమే గొంతు జబ్బు వచ్చి పిల్ల చనిపోయింది.

మార్చిలో నువ్వు ఎనిమిది మైళ్లు మంచులో నడిచి మా ఇంటికొచ్చావు. థర్జా కుర్చీ వేస్తే కూర్చోలేదు. "ఆ పువ్వుకి మా పిల్ల పేరు పెట్టు అలాన్సన్. నిన్ను ఇంకేమీ అడగను" అన్నావు.

నేను ఏమన్నానో నీకు తెలుసు. అయినా నా చేత్తో రాయాలి. "శాస్త్రం సమాధి రాయి కాదు, ఒబెడ్" అన్నాను. బోస్టన్ బట్టల మిల్లు యజమాని విన్‌స్లో నా పుస్తకం అచ్చు వేయిస్తున్నాడనీ, ఆ పువ్వుకి ఆయన పేరు పెడతానని అప్పటికే మాటిచ్చేశాననీ నీతో చెప్పలేదు. శాస్త్రాన్ని అడ్డం పెట్టుకున్నాను. నువ్వు టోపీ పెట్టుకుని వెళ్లిపోయావు. గేటు కూడా చప్పుడు కాకుండా వేశావు. గట్టిగా వేసి ఉంటే నేను కోపం తెచ్చుకుని బతికేవాణ్ణి. ఆ శరదృతువులో పొలం అమ్మేసి మీరు పడమటికి వెళ్లిపోయారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వసంతంలో బీరువాలో ఎండబెట్టి దాచిన మొక్కల కింద పరిచిన పాత కాగితాలు మారుస్తుంటే మన జిల్లా వారపత్రిక ముక్క ఒకటి దొరికింది. 1853 ఏప్రిల్ 14 నాటిది. వెన్న ధరకీ, తప్పిపోయిన ఎర్రావు ప్రకటనకీ మధ్య పన్నెండు పంక్తులు ఉన్నాయి. ఆకు, కాడ, పువ్వు, పూసే నెల, పెరిగే చోటు. ఏ పండితుడూ వంక పెట్టలేనంత శుద్ధంగా ఉంది. పేరు లొవీనా పువ్వు అని, పక్కనే లాటిన్‌లో కూడా. కింద కె.హెచ్. అని ఉంది. మూడు చలికాలాలు నా మొక్కలకి చీటీలు రాసిపెట్టిన కెజియా కాక ఇంకెవరు? ఆమె పని నేర్చుకుంటోందని నేను ఒక్కనాడూ గమనించలేదు.

నా పుస్తకం ఆ ఏడు సెప్టెంబరులో వచ్చింది. మా మొక్కల శాస్త్రంలో ఒక నియమం ఉంది. సరైన వర్ణనతో ముందు అచ్చైన పేరే పేరు. తోలు అట్ట పుస్తకంలో అచ్చైనా సరే, వెన్న ధర కింద అచ్చైనా సరే. కాబట్టి ఆ పువ్వు విన్‌స్లోది ఎప్పుడూ కాదు. ఈ మాటే రాసి బోస్టన్ పత్రికకి పంపాను. ఈ నెల సంచికలో వేశారు, ఆ పేజీ ఇందులో పెట్టాను. విన్‌స్లో కొడుక్కి కోపం వచ్చింది. పుస్తకం రెండో ముద్రణ ఇక లేదన్నాడు. థర్జా ఆ ఉత్తరం చదివి, పోనీండి, ఈ వేసవికైనా మీ కాగితాలు లేని బల్ల మీద భోజనం చేయొచ్చు అంది.

నా తోటివాళ్లు ఇక ముందు ఆ పువ్వుని మీ పిల్ల పేరుతోనే పిలవాలి. ఇష్టం లేనివాళ్లు కూడా. నిన్ను జవాబు అడగడం లేదు.

ఒకప్పుడు నీ స్నేహితుడు,
అలాన్సన్ ట్రస్క్

తా.క. సంతకం పెట్టాక థర్జా ఈ ఉత్తరం చదివింది. మంచి పని చేశారంటూ నా భుజం తట్టింది. ఆ తట్టు భరించలేక మళ్లీ కలం పట్టాను. పైన ఒక అబద్ధం ఉంది. కాగితం చింపి కొత్తగా రాద్దామనుకున్నాను, కానీ ఈ వయసులో కూడా అబద్ధం నాకెంత సులువుగా వస్తుందో నువ్వు చూడాలని అలాగే ఉంచాను.

ఆ పత్రిక ముక్క ఈ వసంతంలో దొరకలేదు. మీరు బయల్దేరడానికి వారం ముందు కెజియాయే దాన్ని కత్తిరించి నాకు పంపింది. నీకు తెలియకుండా అచ్చు వేయించానని, ఇది లెక్కకి వస్తే నీకు చెబుతానని, రాకపోతే మళ్లీ నీ మనసు కష్టపెట్టడం ఇష్టం లేదని రాసింది. వారపత్రికల్లో అచ్చైన పేర్లు చెల్లవని రెండు వాక్యాల్లో జవాబు పంపాను. చెల్లుతాయని నాకు ఆ రోజే తెలుసు. ఆమె నా మాట నమ్మి, నోరు మూసుకుని, బండెక్కింది. మొన్న మార్చిలో రెండో ముద్రణ ప్రూఫులు దిద్దుతుంటే ఆ పేజీ దగ్గర నా చెయ్యి ముందుకి సాగలేదు.

ఈ కాగితం ఆమె చేతిలో పెట్టు, ఒబెడ్. ఆమె అడిగినదానికి సరైన జవాబు ఇది: లెక్కకి వస్తుంది, కెజియా. నువ్వడిగిన రోజు కూడా వచ్చేది.