రెండు లాయాల వైరస్

జూన్ 6

మా చూలు గుర్రం కావేరి ఈసుకుపోయింది. పదో నెల.

అన్న ఫోన్ చేసేసరికే అంతా అయిపోయింది. కోవిల్‌పట్టి నుంచి స్కూటర్ మీద తోటకు వెళ్ళాను. చచ్చి పడిన పిల్ల సంపూర్ణంగా ఉంది — గిట్టలు, జూలు, కనురెప్పల వెంట్రుకలు కూడా. మాయ చిరగకుండానే బయటపడింది. పశువుల డాక్టరునయ్యాక ఇలాంటివి చూస్తూనే ఉన్నాను. సొంత లాయంలో చూడడం వేరు. ఊపిరితిత్తి, కాలేయం ముక్కలు తీసి సీసాల్లో వేసి ఐసులో పెట్టాను.

అన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. హెర్పీస్ వైరస్ అయి ఉంటుందన్నాను.

"ఎవురి గుర్రం తెచ్చె?" అన్నాడు.

ఎక్కడినుంచి అనలేదు. ఎవరి గుర్రం అన్నాడు.

జూన్ 7

ఎవరిదో అన్న అప్పుడే తేల్చేసుకున్నాడు. పోయిన నెల ఏళాయిరంపన్నై గుర్రబ్బండి పందేనికి జయక్క భర్త, మా బావ, విరుదునగర్ నుంచి తన గుర్రాన్ని తెచ్చి మా లాయంలోనే కట్టాడు. నేనూ చూశాను. దగ్గు లేదు, చీమిడి లేదు, మేత బాగా తింది. ఆ మాట అన్నతో అనలేను. పైకి ఏమీ కనిపించకుండానే అంటగలదు ఈ వైరస్.

జూన్ 8

పిల్లను సున్నం పోసి పూడ్చారు. కావేరి ఇంకా అటే చూస్తోంది.

జూన్ 12

జయక్క వచ్చింది. బావ మీది కోపం తన మీద ఉండదనుకుంది పాపం. విరుదునగర్‌లో బస్సెక్కి, కావేరికి పెట్టాలని బెల్లం కట్టుకుని మరీ వచ్చింది. అన్న లాయం వాకిట్లోనే ఆపేశాడు.

"లోపలికి రావద్దు. నీ కాలు పడిన చోట కడుపు నిలవదు."

అక్కకు రెండుసార్లు పోయాయి. రెండోది ఏడో నెలలో. అప్పుడు చేతుల మీద ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది ఈ అన్నే.

అక్క బెల్లం గోడ మీద పెట్టి వెనక్కి తిరిగింది. నేను నీళ్ళ గొట్టం పట్టుకుని అక్కడే ఉన్నాను. లాయం కడుగుతున్నాను. కడుగుతూనే ఉన్నాను.

జూన్ 15

విరుదునగర్‌లో అక్క వాళ్ళ చూలు గుర్రం రాణి కూడా ఈసుకుపోయింది.

బావ ఫోన్‌లో అరవలేదు, అదే భయం. మీ లాయంలో కట్టినందుకు మా గుర్రం అంటు మోసుకొచ్చింది, మీ అన్నకు చెప్పు అని పెట్టేశాడు.

వెళ్ళాను. ఈ పిల్లకు నుదుట తెల్ల మచ్చ. అక్క ఐసు పెట్టె పట్టుకుని పక్కనే కూర్చుంది. మొన్నటి మాట ఎత్తుతుందనుకున్నాను... ఎత్తలేదు. సీసాలు అందిస్తూ ఉండిపోయింది. కాఫీ ఇవ్వలేదు.

జూన్ 17

నమూనాలు ఉత్తరాది ల్యాబుకు పంపాను. వైరస్ ఉందో లేదో చెబితే చాలదు, జన్యువు వరుస చదవండి, రెండూ ఒకటేనేమో చూడండి అని అడిగాను. ఈ జాతి వైరస్‌లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా ఎక్కడో కొద్ది అక్షరాల్లో. నాకు ఆ కొద్ది అక్షరాలే కావాలి.

రెండేళ్ళ కిందట మా ముసలి గుర్రం పిల్లను పోగొట్టుకున్నప్పుడు తీసి దాచిన ముక్క కూడా పంపాను. అప్పుడు ఎవరినీ నిందించలేదు అన్న. ఎండ అన్నాడు.

జూన్ 28

ఇంకా రాలేదు.

జూలై 3

అన్న పందెం వాళ్ళందరికీ చెబుతున్నాడట — విరుదునగర్ గుర్రాలను దగ్గరికి రానీయొద్దని. బావ అక్కడ కోవిల్‌పట్టి గుర్రాల గురించి అదే చెబుతున్నాడు. ఇద్దరూ నన్నే సాక్ష్యం చెప్పమంటారు.

జూలై 14

ల్యాబు నుంచి ఫోన్. రెండూ ఒకటి కాదు. చాలాచోట్ల తేడా. రాణి పిల్లలో ఉన్నది వేరు, కావేరి పిల్లలో ఉన్నది వేరు.

కావేరిది మాత్రం ముసలి గుర్రం నమూనాతో అక్షరం పొల్లుపోకుండా కలిసింది.

అంటే మా లాయంలోనే ఉంది. ఒకసారి పట్టిందంటే ఒంట్లోంచి పోదు. ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. అలసటకో, బెదురుకో లేచి పక్క గుర్రానికి అంటుతుంది. బావ గుర్రం మాకేమీ తేలేదు. మేమూ వాళ్ళకేమీ ఇవ్వలేదు.

సంతోషం వేయాలి. వేయలేదు.

జూలై 15

అన్నకు చెప్పాను.

"రెండుదాని పేరు హెర్పీసే కదా? అప్పుడు రెండు ఎట్ల అయితాది?"

పేరొకటే, రకాలు వేరన్నాను. మన ముసలిదాంట్లోనే ఉందన్నాను. అది నాన్న తెచ్చిన గుర్రం. అన్న ముఖం మాడిపోయింది.

"మీ అక్క పక్క మాట్లాడేదానికేనా నిన్ను సదివించింది?"

చదివించినది అన్నే. ఆ మాట నిజం కాబట్టే లేచి వచ్చేశాను.

జూలై 16

విరుదునగర్ వెళ్ళి బావకూ చెప్పాను. కనీసం ఆయనకైనా ఊరట అనుకున్నాను. అయితే మా లాయంలోనే ఉందా, ఈ మాట బయట చెప్పకు, రేపు మా గుర్రాలను ఎవరు కొంటారు అన్నాడు. ఇద్దరికీ ఎదుటివాడి తప్పే కావాలి. తప్పు లేదంటే ఎవరికీ అక్కర్లేదు.

అక్క గడపలో కూర్చుని వింది. బావ లేచి వెళ్ళాక అంది —

"ఆ దినం నువ్వు ఆడనే ఉంటివి. నోరు తెరవలేదు. ఇప్పుడు ల్యాబు చెప్పెనని ఒస్తివి."

గుర్రం తప్పు లేదని రుజువైందక్కా అన్నాను.

"గుర్రానికి సరి. నా కడుపున పోయినదానికి ఏ సీక్కో, ఏ రోగమో అని ఎవురైనా చూసిరా? అన్న చూసెనా? నువ్వు చూస్తివా?"

బస్సులో సాత్తూరు దాటేదాకా కిటికీలోంచే చూస్తూ వచ్చాను.

జూలై 23

అక్క ఫోన్ ఎత్తడం లేదు.

ఆగస్టు 2

తోటకు వెళ్తే ముసలి గుర్రాన్ని కట్టే చోటు ఖాళీ. కళుగుమలైలో ఒకాయన కొంటున్నాడట, చూసుకోవడానికి నిన్న తోలుకెళ్ళాడట. నాన్న గుర్రాన్ని అమ్ముతావా అన్నాను. వయసైంది కదా అన్నాడు, నా వైపు చూడకుండా.

నమ్మాడు. ల్యాబు మాట అక్షరం అక్షరం నమ్మాడు. నమ్మినందుకే వదిలించుకుంటున్నాడు. అక్క దగ్గరికి వెళ్ళడానికి మాత్రం ఆ నమ్మకం చాలలేదు. పందెం వాళ్ళ దగ్గర ఇంకా విరుదునగర్ పేరే చెబుతున్నాడు.

కొనేవాడికి చెప్పావా అని అడిగాను.

"నువ్వు చెప్పకుంటే ఎవురికి తెలుస్తాది, పాపా?"

చిన్నప్పటి పిలుపు. చాలా నెలలకు పిలిచాడు.

ఆగస్టు 3

కళుగుమలై ఆయన ఫోన్ చేశాడు. మర్యాదస్థుడు, తమిళంలో మెల్లగా మాట్లాడాడు. డాక్టరమ్మా, మీ ఇంటి గుర్రమంటే ఇంకేం చూడాలి, అయినా బేరం ముగించే ముందు ఒక మాట అడుగుదామని, అన్నాడు. దాన్ని ఎక్కడ కట్టారని అడిగాను. మా చూలు గుర్రాల పక్కనే, తోడుంటుందని, అన్నాడు. రెండూ మొదటి చూలట. గొంతులో ఎంత సంబరం.

ఇప్పుడే వేరే చోట కట్టించండి అన్నాను. ఎందుకని అడిగాడు. రేపు పొద్దున నేనే వచ్చి చెబుతానన్నాను.

అన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ మోగుతోంది...