గ్లూకోజు పొట్లం

అన్నా,

ఇవాళ్టికి నువ్వు పోయి ఏడాది.

మన చెల్లికీ నీలాగే గుండె వాల్వు చెడింది, పైగా షుగరొచ్చింది. నిన్న నరసరావుపేటలో డాక్టరు చెప్పాడు: "వాల్వు చెడితే గుండె చానా కష్టపడాలి. షుగరు ఆ గుండె కండరాన్నే దెబ్బతీస్తుంది. రెండూ చూసుకోండి." అమ్మ తలొంచుకుని వింది.

నీకూ షుగరుందని మనకి తెలుసు. ఆయాసమొస్తే మాత్రం వాల్వు వల్లేననుకున్నాం, షుగర్ని లెక్కచెయ్యలా. చూడ్డానికొచ్చినోళ్లంతా బలమని గ్లూకోజు తెచ్చేవాళ్లు. నువ్వది గటగటా తాగి, "రేపే క్వారీకి పోతా" అనేవాడివి.

పొద్దున పక్కింటి సుబ్బమ్మ పిన్ని గ్లూకోజు పొట్లం తెచ్చింది. నీకిష్టమని, నీ ఫొటో ముందు పెట్టబోయింది.

అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దే సుబ్బులూ. వాడికి షుగరు."