తాళం పగలగొట్టినవాడు దొంగ కాదని

జిల్లా గ్రంథాలయ అధికారి గారి సముఖమునకు,

మార్టూరుకు దగ్గరలోని నాగండ్లపాలెం గ్రామం, మసీదు వీధిలో కాపురముంటున్న షేక్ నస్రత్, భర్త పేరు రసూల్, స్వయముగా వ్రాసుకొనిన అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి శాఖా గ్రంథాలయమును మిరపకాయల గోడౌనుగా వాడుట గురించియు, దాని తాళము పగలగొట్టిన నా భర్తపై దొంగతనము మోపుట గురించియు, గ్రంథాలయమును తిరిగి తెరిపించవలెనని కోరుట గురించియు.

తమరు ఈ కాగితాన్ని సగంలో పక్కన పెట్టరనే నమ్మకంతో ఈ క్రింది సంగతులు మనవి చేసుకొనుచున్నాను.

1. నేను మిరపకాయలకు తొడిమలు తీసే కూలిదానను. నా భర్త రసూల్ గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో రాయి కోసే మిషను దగ్గర ఏళ్ల తరబడి పనిచేసియున్నారు. ఆ మిషను చప్పుడుకు ఆయన వినికిడి కొద్దికొద్దిగా పోయినది. మొదట ఫోను మోగితే వినబడేది కాదు. తర్వాత అజాన్ వినబడేది కాదు. ఆ తర్వాత నేను వినబడలేదు. ఒంగోలులో డాక్టరు గారికి చూపించగా చెవికి మిషను పెట్టినారు. దానిలో చప్పుడు వస్తుంది గానీ మాట రాదు. మేమిద్దరం బడి ముఖం చూడనివాళ్లం గనుక రాసి చూపించే వీలు లేదు. ఏది చెప్పాలన్నా అరిచేదాన్ని. మా ఇంట్లో మాటలన్నీ వీధిలో అందరికీ తెలిసేవి, ఆయనకు తప్ప.

2. యూనిట్లో ఒకరోజు శ్లాబును బెల్టు కట్టి పైకి ఎత్తుతుండగా జారి, మరియదాసు అన్న కాలి మీద పడినది. మరియదాసు అన్న, నా భర్త ఒకే రోజున ఆ పనిలో చేరినవారు, ఒకే క్యారియరులో అన్నం తిన్నవారు. శ్లాబు జారినప్పుడు అందరూ నా భర్త వైపు చూసి కేకలు వేశారట. పట్టుకోమన్నారో, వదలమన్నారో, పక్కకు తప్పుకోమన్నారో ఆయనకు తెలియలేదు. తాను వినకపోవడం వల్లే స్నేహితుడి కాలు పోయిందని మనసులో ఖాయం చేసుకున్నారు. పనికి పోవడం మానేశారు. మరియదాసు అన్న ఇల్లున్న పేట వైపు నడవడమే మానేశారు.

కొన్నాళ్లకు మరియదాసు అన్న కర్ర పోటు వేసుకుంటూ మా ఇంటికి వచ్చాడు. ఆయనను చూడగానే నా భర్త దొడ్డిదారిన వెళ్లిపోయారు.

"వాడి తప్పేముందమ్మా ఇందులో? బెల్టు తెగింది. అది పాత బెల్టు. వాడు విన్నా తెగేదే, వినకపోయినా తెగేదే. ఈ మాట నువ్వు చెప్పు వాడికి" అన్నాడు.

"ఎట్టా చెప్పనన్నా?" అన్నాను.

సాయంత్రం నా భర్త ఇంటికి వచ్చాక అరిచి చెప్పాను. చేతులతో చూపించాను. పాత గుడ్డ ఒకటి తీసుకుని బెల్టు ఇట్టా తెగిందని చించి చూపించాను. గుడ్డలు చించుకుని తిడుతున్నాననుకున్నారు. "తెలుసులేవే! నా మూలానే వాడు కుంటివాడయ్యాడు. ఇంకెన్నిసార్లంటావు?" అని పెద్దగా ఏడ్చారు. ఇరుగుపొరుగు వచ్చి నన్నే మందలించి పోయారు.

3. ఇక్కడ తమ శాఖను గురించి మనవి చేయవలసియున్నది. ఒకరోజు కళ్లం నుంచి తిరిగివస్తూ మంచినీళ్ల కోసం గ్రంథాలయంలోకి వెళ్లాను. అప్పటిదాకా అది చదువుకున్నవాళ్ల చోటని అటు చూసేదాన్ని కాదు. లోపల పేపరు చదివే పెద్దవాళ్లు, కానిస్టేబుల్ పరీక్షకు చదువుకునే పిల్లలు, పెన్షను కాగితం చదివించుకోవడానికి వచ్చిన ఒక అవ్వ ఉన్నారు. గ్రంథపాలకురాలు జయకుమారి గారు నీళ్లిచ్చి, "పేపరు కావాలా అమ్మా?" అన్నారు. నన్ను ఆ మాట అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

"చదువు రాదండి. ఒక మాట రాసిపెడతారా? మా ఆయనకి చూపించుకుంటాను" అన్నాను.

"ఆయనకి చదువొచ్చా?"

"రాదండి."

ఆమె నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "అయితే ఇద్దరూ రండి. నీ మాట నువ్వే రాద్దువుగాని. ఆయనే చదువుకుంటాడు" అన్నారు.

రోజూ సాయంత్రం ఆమె పెద్దవాళ్లకు అక్షరాలు చెప్పేవారు. నా భర్త రానన్నారు. "ఈ వయసులో పలకా బలపమా? ఉన్న పరువు చాల్లే" అన్నారు. నేనొక్కదాన్నే వెళ్లాను. పొద్దుగూకే వేళ భార్య ఎక్కడికి పోతోందోనని ఆయన ఒకరోజు నా వెనకే వచ్చి కిటికీలోంచి చూశారు. పలక మీద తల వంచుకుని నేను ఇ, ఈ దిద్దుతున్నాను. జయకుమారి గారు బయటకు వెళ్లి, ఏమీ అడగకుండా, ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కుర్చీ వేశారు.

వినబడని మనిషికి అక్షరం చెప్పడం ఎలాగో ఆమెకు కూడా ముందు తెలియదు. ఈగ బొమ్మ గీసి, పక్కన ఈ రాసేవారు. బొమ్మ చూసి ఈయన "ఈగ!" అని అరిచేవారు. ఆమె తల ఊపేవారు. తన గొంతు ఎంత పెద్దదో ఈయనకు తెలియదు గదా. గోడ మీద నిశ్శబ్దం పాటించమని బోర్డు ఉన్నది. దాని కిందనే కూర్చుని నా భర్త గుణింతాలన్నీ ఊరు అదిరేలా చదివారు. పరీక్షకు చదివే పిల్లలు ఒక్కనాడు కూడా విసుక్కోలేదు. వాళ్లే వంతులు వేసుకుని ఈయనకు పలక మీద రాసి చూపించేవారు.

4. నాకు మాటలు కలపడం వచ్చాక మొట్టమొదట రాసినది ఇది: "బెల్టు తెగింది. నీ తప్పు లేదు. మరియదాసు అన్న చెప్పాడు."

పలక ఆయన ముందు పెట్టాను. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదువుకుంటూ పోయారు. 'తప్పు' దగ్గర ఆగారు. మళ్లీ మొదటికి వెళ్లారు. మూడోసారి చదివేటప్పుడు గొంతు రాలేదు, పెదవులు మాత్రం కదిలాయి. "వాడే అన్నాడా?" అని అడిగారు. తల ఊపాను. చెప్పులు కూడా వేసుకోకుండా, పలక చేత్తో పట్టుకుని పేట వైపు వెళ్లారు. నేను వెనకాలే పరుగెత్తాను. మరియదాసు అన్న వాకిట్లో మంచం మీద ఉన్నాడు. ఈయన పలక చూపించి, "ఇది నిజమేనంట్రా?" అన్నారు.

"నిజంరా చెవిటి సన్నాసీ, ఇన్నాళ్లకా చదివేది!" అంటూ ఆయన నా భర్తను దగ్గరికి లాక్కున్నాడు. ఆ మాట నా భర్తకు వినబడలేదు. అయినా ఇద్దరూ ఏడ్చారు. మర్నాటి నుంచి ఇద్దరూ కలిసే గ్రంథాలయానికి వచ్చేవారు.

అయ్యా, ఇది అర్జీలో వ్రాయదగిన సంగతి కాదని నాకు తెలియును. కానీ తమ గ్రంథాలయం ఏమి చేసినదో తమ ఆఫీసులో ఎవరైనా రాసి పెట్టారో లేదో నాకు తెలియదు. అందుచేత వ్రాసితిని.

5. జయకుమారి గారు రిటైరయినారు. ఆ పోస్టు ఖాళీగా ఉన్నది. ఇన్‌చార్జి గారు కొన్నాళ్లు వారానికోసారి వచ్చి, తర్వాత తాళం చెవి మా ఊరి మిర్చి రైతు బుల్లయ్య గారి ఇంట్లో ఇచ్చేసి, ఇక రావడమే మానేసినారు. గ్రంథాలయానికి స్థలమిచ్చినది బుల్లయ్య గారి తాత గారు.

6. ఈ ఏడు మిరపకు ధర లేదు. కోల్డ్ స్టోరేజీలు నిండిపోయినవి. మబ్బు పట్టిన రోజున బుల్లయ్య గారు తన బస్తాలను గ్రంథాలయంలో వేయించినారు. ఆయన కష్టం ఆయనది, కాదనను. "నాలుగు రోజులేనమ్మా, అమ్ముకోగానే తీసేస్తాను" అన్నారు. నెలలు గడిచినవి. తలుపు తీస్తే ఘాటుకు తుమ్ములు, దగ్గులు. బీరువాలకు ఆనించి పైకప్పు దాకా బస్తాలు పేర్చినారు.

ఆ కాయలకు తొడిమలు తీయడానికి కూలికి పిలిచినది నన్నే. వెళ్లాను. ఇల్లు గడవాలి గదా. పలక పట్టుకుని కూర్చున్న చోటనే చాట ముందు పెట్టుకుని కూర్చున్నాను. కళ్లు మండి నీళ్లు కారుతుంటే పక్కనున్న ఆడవాళ్లు, "కొత్తదానివా ఏమిటే, ఘాటు అలవాటు లేదా?" అని నవ్వారు.

7. గ్రంథాలయం మూతబడినప్పటి నుంచి నా భర్త రోజూ ఆ మెట్ల మీద కూర్చుని వస్తుండిరి. ఊళ్లో ఆయనతో నిలబడి మాట్లాడేవాళ్లు లేరు. పలక మీద రాసి మాట్లాడే ఓపిక ఉన్నవాళ్లంతా ఆ గదిలోనే ఉండేవారు, వాళ్లిప్పుడు తలోదిక్కు. మరియదాసు అన్న కూతురి దగ్గరకు దాచేపల్లి వెళ్లి ఉన్నాడు. నా భర్త రెండుసార్లు బుల్లయ్య గారిని తాళం చెవి అడిగినారు. ఆయన చేత్తో "పో, పో" అని సైగ చేసినారు. మొన్న శుక్రవారం నమాజు అయ్యాక, పట్టపగలు, అందరూ చూస్తుండగా నా భర్త సుత్తితో తాళం పగలగొట్టినారు. బస్తాలు ఒక్కొక్కటే మోసుకొచ్చి వరండాలో వరసగా పేర్చినారు. ఒక్క కాయ కింద పడలేదు. బీరువా కనబడేదాకా దారి చేసుకుని, పుస్తకం ఒకటి తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. జనం వచ్చేసరికి చదువుకుంటున్నారు.

8. దొంగతనమని బుల్లయ్య గారు కంప్లయింటు ఇచ్చినారు. స్టేషనులో ఎస్సై గారు, "ఎవడికి అమ్మడానికిరా బయటేశావు?" అని అడిగినారు. నా భర్త ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డారు.

"పొగరా?" అన్నారు ఎస్సై గారు.

"చెవుడండీ" అన్నాను.

"చెవిటోడు తాళం ఎట్టా పగలగొట్టాడు?" అన్నాడు పక్కనున్న కానిస్టేబులు.

"తాళానికి చెవులెందుకు సార్? రాసి అడగండి. చదువుతాడు" అన్నాను.

ఎస్సై గారు నన్ను ఎగాదిగా చూసి, కాగితం మీద రాసి ఇచ్చినారు. నా భర్త వేలు పెట్టి, స్టేషనంతా మారుమోగేలా చదివారు: "తాళం ఎందుకు పగలగొట్టావు?" చదివి, తల ఎత్తి, "పుస్తకాలు లోపలున్నాయి సార్!" అన్నారు.

ఎస్సై గారు ఇంటికి పంపించినారు. కానీ కంప్లయింటు అలాగే ఉన్నది. తప్పయిందని, ఇక గ్రంథాలయం జోలికి రానని సంతకం పెడితే వెనక్కి తీసుకుంటానని బుల్లయ్య గారు కబురు చేసినారు. రాజీపడమని పెద్దమనుషులు, మా చుట్టాలు కూడా చెప్పినారు. నేను కూడా చెప్పితిని. స్టేషన్ల చుట్టూ తిరగలేము గదా, అయ్యా. వాళ్లు తెచ్చిన కాగితం నా భర్త మొత్తం చదివారు. చదివి నా వైపు చూసి, "సంతకం నేర్చుకుంది దీనికా?" అన్నారు. కాగితం వెనక్కి ఇచ్చేశారు.

అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. పలక మీద రాసి పెడితే చూడకుండా బోర్లా వేస్తున్నారు. సంతకం పెట్టమని నేను కూడా అన్నందుకు. అన్నం పెడితే తింటున్నారు. అంతే.

9. కాబట్టి తమరు దయయుంచి గ్రంథాలయంలోని బస్తాలను ఖాళీ చేయించవలెను. గ్రంథపాలకులను నియమించవలెను, సాయంత్రం పూట పెద్దవాళ్లకు చదువు చెప్పే ఓపిక ఉన్నవాళ్లయితే మేలు. అది ప్రభుత్వ గ్రంథాలయమనియు, అందులోకి చదువుకొనుటకు పోయినవాడు దొంగ కాడనియు పోలీసు వారికి ఒక కాగితము పంపవలెను. మొదటి రెండూ ఆలస్యమైనా ఎదురు చూడగలను. మూడోదానికి ఆగలేను.

అర్జీ రాయడం జయకుమారి గారు నేర్పినారు. కరెంటు స్తంభం గురించి ఉత్తుత్తి అర్జీ రాయించినారు. నిజమైనది ఇదే మొదటిది. తప్పులున్నచో మన్నించి, మాట మాత్రం చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షేక్ నస్రత్

మరొక మనవి: తమరు విచారణకు వస్తే నన్ను కాదు, ఆయననే అడగండి. అందరూ ఆయన గురించి నన్నే అడుగుతారు, ఆయన పక్కనే నిలబడి ఉండగా. ఆయన దొంగ కాదని నేను రాస్తే, పెళ్లాం గనుక రాసిందనుకుంటారు. తమరు ఆఫీసరు. తమ చేత్తో పలక మీద పెద్ద అక్షరాలతో ఆ ఒక్క మాట రాసి ఇవ్వండి. చదవడానికి ఆయనకు కాస్త టైము పడుతుంది. జీపు స్టార్టు చేయకుండా, చదవడం అయ్యేదాకా ఆగండి.