సాయవ్వ రేగుచెట్టు

ఆగస్టు 11

మూడేళ్ళయింది, ఆ బోర్డు నాకు ఇంకా అరగడం లేదు. పార్కు గేటు పక్కన పచ్చరంగు బోర్డు. 'మనిషి చెయ్యి పడకుండా పెరిగిన సహజమైన అడవి' అట. అబద్ధం. ఎల్లారెడ్డిలో మావాడ బొందలగడ్డ అది. మనిషిని పూడ్చినప్పుడల్లా తలాపున ఒక మొక్క పెట్టేవాళ్ళం. వేప, చింత, కానుగ... ఎవరి చెట్టు వాళ్ళది. దాని మీద గొడ్డలి వెయ్యడానికి ఎవడికీ చెయ్యి రాలేదు. చుట్టూ అంతా ప్లాట్లయినా అది అడవిగా మిగిలింది అందుకే. పార్కు అని సర్కారోళ్ళు కంచె వేశారు, చెట్లు ఉంచుకున్నారు, కింద ఉన్నవాళ్ళను మరిచారు. మరిచారో, మరిచినట్టు చేశారో.

ఆగస్టు 13

సాయవ్వ చెట్టు లేదు.

ఆగస్టు 14

నిన్న ఆ ఒక్క ముక్కే రాశాను. రెండు వారాల జ్వరం తగ్గాక నిన్న పార్కుకు వెళ్ళాను. నా పెండ్లాం సాయవ్వ తలాపున నేను పెట్టిన రేగుచెట్టు లేదు. పక్కన పాతిన రాయి కూడా లేదు. ఎర్రమట్టి పోసి రోలర్ తిప్పారు. నడిచే దారి. జనం బూట్లేసుకుని తిరుగుతున్నారు.

గేటు కాడి మనిషి — "ముండ్లు తాతా. పిల్లలకు గుచ్చుకుంటున్నయని జేసీబీతోని ఏర్లతో సహా పీకిండ్రు."

దారి మధ్యలో కూర్చున్నాను. ఒకాయన చెవికి ఫోన్ పెట్టుకుని, "జర పక్కకు జరుగు పెద్దమనిషీ, వాకింగ్ చేసేటోళ్ళకు అడ్డం" అన్నాడు. జరగలేదు. నా చుట్టూ తిరిగి పోయాడు.

ఆగస్టు 16

మావాడ బాలయ్య వచ్చాడు. వాళ్ళమ్మ వేపచెట్టు పార్కులో నిక్షేపంగా ఉంది. చుట్టూ గద్దె కూడా కట్టారు.

"నేను ఆనాడే చెప్పిన గదరా. మనిషి తలాపున ఎవడన్న ముండ్ల చెట్టు పెడ్తడా? యాప పెడ్తే ఉంటుండె."

"చాయ తాగుడయిందా? లే ఇగ" అన్నాను.

వాడికేం తెలుసు. గాంధారి ఊరి దిక్కు పత్తి ఏరడానికి పోయి, కొంగు నిండా రేగుపండ్లు తెచ్చేది సాయవ్వ. ఉప్పూకారం అద్దుకుని తింటూ, గింజలు నా మీదికి ఉమ్మి నవ్వేది. వేప ఆమెకు చేదు. నేను పెట్టింది సరైన చెట్టే... సరైనదే.

ఆగస్టు 20

కామారెడ్డి. అక్కడే ఉండే నా బిడ్డ గంగమణి పార్కు ఆఫీసు దాకా వెంట వచ్చింది. పార్కు చూసే ఆఫీసరమ్మ చిన్నపిల్ల. కుర్చీ వేయించింది, చాయ తెప్పించింది. తాగలేదు.

"అక్కడ సమాధి ఉన్నట్టు ఏమైనా ఆధారం ఉందా పెద్దాయనా?"

"చెట్టే ఆధారం. దాన్నే పీకిండ్రు."

"బాపూ, జర మెల్లగ" — గంగమణి చెయ్యి పట్టుకుంది.

ఆఫీసరమ్మ, "తప్పయింది. ఆ అడవి చరిత్ర మాకెవరూ చెప్పలేదు. బోర్డు మార్పిస్తాను. అందరి పేర్లూ రాయిస్తాను, మీ ఆవిడ పేరు కూడా" అంది.

"బోర్డు మీద పేరెందుకమ్మా? మనిషి దారి కింద ఉన్నది. దారి పక్కకు తిప్పుండ్రి."

వచ్చి చూస్తానంది.

ఆగస్టు 28

వాన. ఎడతెరిపి లేదు. పార్కుకు ఎవరూ పోరు. ఆమె మీద బూట్లు లేవు.

సెప్టెంబరు 4

ఆఫీసరమ్మ అన్నట్టే వచ్చింది. గంగమణి కూడా. "ఎక్కడో చూపించండి, అంతమేర దారి తిప్పిస్తాను." మాట ఇచ్చింది.

నిలబడ్డాను. అంతా ఒకటే ఎర్రమట్టి. ఇన్నేళ్ళు చెట్టును చూసి నడిచాను, నేలను ఎప్పుడు చూశాను?

"ఇక్కడ" అన్నాను.

"కాదు బాపూ. ఇంకా అవుతలికి, ఆ బెంచీ కాడ."

"నీకేం ఎర్కనే? నోర్మూయ్."

"అవ్వ ఏడుందో నాకు తెల్వదా?"

నలుగురిలో గొంతులు పెంచుకున్నాం. బిడ్డ ఏడ్చింది. ఆఫీసరమ్మ మెల్లగా, "మీకే తెలియకపోతే నేనెక్కడ తిప్పించను పెద్దాయనా" అంది.

తెలియదని నేను అనలేదు. అనను.

సెప్టెంబరు 5

బిడ్డతో మాటల్లేవు.

సెప్టెంబరు 9

పొద్దున మొహం కడుక్కుంటుంటే తట్టింది. జేసీబీ నడిపినవాడికి తెలుసు. వేర్లు పీకినప్పుడు గుంత పడి ఉంటుంది. గుంతలో ఏం కనబడిందో... ఎత్తిన మట్టి ఎక్కడ పోశాడో... ఇంతకంటే రాయలేను.

ఆఫీసరమ్మకు ఫోన్ చేశాను. "ఆయన పని వదిలి వెళ్ళిపోయాడు. కనుక్కుంటాను."

గంగమణికీ చేశాను. ఎత్తింది. బిడ్డా అన్నాను. పెట్టేసింది.

సెప్టెంబరు 12

ఆఫీసు నుంచి ఏ కబురూ లేదు.

ఇరవై ఒకటిన పెత్రమాస. ఆనాడు మావాడలో పోయినవాళ్ళకు బువ్వ పెడతాం, ఎవరి చెట్టు కింద వాళ్ళకు. బాలయ్య వేప కింద పెడతాడు. నేను ఆకు ఎక్కడ వెయ్యాలి? దారి మీదనా? బెంచీ కిందనా?

రేపు కామారెడ్డి పోతాను. కూర్చోను. నిలబడే చెబుతాను. జేసీబీ నడిపినవాణ్ణి ఎక్కడున్నా తీసుకురండి. ఇక్కడ అని కాలు పెట్టి చూపించాలి. గుంతలో ఏం చూశాడో నా మొహం చూసి చెప్పాలి. పెత్రమాస లోపల. ఇరవై ఒకటి పొద్దెక్కక ముందే.

సాయవ్వ ఏది?